పితాజీ అని పిలిచే గొంతు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు పోయి, నా బిడ్డ కాజల్‌ను చంకనేసుకుని, భివండీ పద్మనగర్‌లో ఇంకొకరి షెడ్డు ముందు నిలబడి "పని ఉన్నదా సేట్" అని అడిగే రోజు వస్తుందని. దెయ్యాలకు భయపడను, చీకటికి భయపడను. దీనికే.

నేను భయపడే ఆ రోజే టెంపో ఎక్కి వచ్చి మా షెడ్డు ముందు దిగినట్టు అనిపించిన చోట, పోయిన వారం పేజీలో మీరు నన్ను వదిలి వెళ్ళారు. నేనింకా అక్కడే ఉన్నాను. మా మామ గట్టయ్యకు బ్రిటన్ దేశపు లాటరీ తగిలిందని ఇంటర్నెట్‌లో మెయిల్ వచ్చింది. ఆ డబ్బు విడిపించడానికని మొదట తన చీటీ డబ్బు పంపాడు. తర్వాత మా అత్త జానకమ్మ మెడలోని గొలుసు నిజాంపురాలో కుదువపెట్టి పంపాడు. ఇప్పుడు కస్టమ్స్ వాళ్ళు అడ్డం పడ్డారట. వాళ్ళ నోరు మూయించడానికి మా నాలుగు సాంచాల్లో రెండింటిని పాత ఇనుము కింద తూకానికి అమ్మేస్తున్నాడు. నా భర్త హరీశ్ నేసిన బట్ట చుట్టలు, తాకాలు దింపడానికి కాశేలి గోదాముకు పోయాడు. ఆయన లేని పూట చూసుకునే మామ టెంపోను పిలిపించాడు.

కరెంటు కోత వేళ. వాడంతా మూగబోయి ఉంది. సుత్తెలు పట్టుకున్న ఇద్దరు మనుషులకూ, గోడవైపు సాంచాకూ మధ్య నేను నిలబడ్డాను.

"పక్కకు జరుగు బిడ్డా. వాళ్ళకు ఇంకో షెడ్డు కాడికి పోయేదున్నది," అన్నాడు మామ.

"జరగ మామా. ఆయనచ్చేదాక ఆగుండ్రి."

"వాడస్తే ఒప్పుకోడు. గందుకే వాడు లేనప్పుడు పిలిచిన. పైసలు చేతుల వడ్డంక ఇసొంటి డొక్కు సాంచాలెందుకు, కొత్తయి కొంట. నా మనుమరాలు ఏసీల కూసొని చదువుకుంటది."

మామ ముందు నేనెప్పుడూ కొంగు సర్దుకోకుండా నిలబడలేదు. ఆ రోజు సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చేత కాజల్, ఇంకో చేత సాంచా చట్రం. అత్త గుమ్మంలో కూర్చుని బోసి మెడ తడుముకుంటోంది. గొలుసు పోయినప్పటి నుంచి ఆమెకు అదే పని.

"ఆయన ఎవలి మాట ఇన్నడని నీ మాట ఇంటడు?" అంది నాతో. "నా గొలుసప్పుడు నేను మొత్తుకోలేదా? లాటరీ అచ్చినోని పెండ్లానికి మెడల పసుపుతాడు మిగిలింది. రాణివాసం!"

"నువ్వు ఊకో," అన్నాడు మామ.

"లాటరీ తగిలితే వాళ్ళు మనకియ్యాలె గని, మనమెందుకు ఇచ్చుడు మామా?" అన్నాను.

మామ నా వైపు జాలిగా చూశాడు. "పిచ్చిదానా, భిశీ తగిలినోడు ముందుగాల ఖర్చు పెట్టుకోడా? కమీషన్ గుమ్మంల పెట్టకముందు వెంకవ్వ ఎవలికన్న పైస చేతికిచ్చిందా?"

ఆయన చెప్పింది మా వాడ రివాజే. భిశీ అంటే మేం నెలనెలా వేసుకునే చీటీ. మా వరసగదుల చాల్‌లో చివరి మేడగదిలో ఒంటరిగా ఉండే వెంకవ్వ పెద్దమ్మ నడుపుతుంది. ఆడవాళ్ళ డబ్బంతా ఆమె దగ్గరే. చీటీ ఎవరి పేరున లేస్తే వాళ్ళు ముందు వెంకవ్వ కమీషనూ, అందరికీ పేడా మిఠాయిలూ ఆమె గుమ్మంలో పెట్టాలి. అప్పుడే డబ్బు. ఇంకోటి, చీటీ తగిలినవాళ్ళు ఆ సంగతి చుట్టాలకు చెప్పరు. చెబితే తెల్లారేసరికి చేబదులు అడగడానికి గుమ్మంలో ఉంటారు. ముందు కట్టు, ఎవరికీ చెప్పకు. ఆ మెయిల్ కూడా మామతో సరిగ్గా ఆ రెండు మాటలే చెప్పింది. ఇంకెవరికైనా అనుమానం రావలసిన చోట మా మామకు నమ్మకం కుదిరింది.

చంకలో కాజల్ కాళ్ళాడించింది. పోయిన నెల చీటీ తీసింది ఇదే. వెంకవ్వ స్టీలు డబ్బా ముందు పెట్టి, "తియ్యి నా బంగారం" అంటే, చిట్టి చెయ్యి లోపల పెట్టి తీసింది. ఈ నెల చీటీ ఇంకా తీయనే లేదు. ఒంట్లో బాగాలేదు, వచ్చే వారం చూద్దామని వెంకవ్వ వాయిదా వేసింది.

"సరే మామా, భిశీ లెక్కనే మాట్లాడుదం," అన్నాను. "చీటీ ఎవలి ముందట తీస్తరు?"

"అందరి ముందట."

"చీటీ మీద ఏముంటది?"

"పేరుంటది. గది గూడ ఎర్క లేదా నీకు?"

"మన చీటీ డబ్బాల ఎప్పుడు వడ్తది?"

"నెల కట్టినప్పుడు..." అని ఆగాడు.

"ఆ దేశంల నువ్వేనాడు కట్టినవు మామా? వాళ్ళ డబ్బాల నీ చీటీ ఎవలేసిండ్రు?"

సుత్తె మనుషుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. "బహూ సచ్ బోల్తీ, చాచా," అన్నాడు, కోడలు నిజమే చెప్తోందని. మామ మొహం ఎర్రబడింది.

"కంప్యూటరే మెయిల్ ఐడీలను ఏరుకుంటదట. సైబర్ కేఫ్ పంకజ్ చదివి చెప్పిండు." అంగీ జేబులోంచి ఆ కాగితం తీశాడు. దాన్ని కాగితం అనడానికి లేదు. పాడవకుండా ప్లాస్టిక్ తొడిగించాడు. మూలన పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. రోజూ స్నానం చేసి దానికి అగరుబత్తి తిప్పుతాడు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. మా తమ్ముళ్ళను చూసుకోవడానికి బడి మాన్పించారు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను. మొదటి వరుస మీద వేలు పెట్టి చదివాను. డియర్ విన్నర్.

"గట్టయ్య అని ఏడున్నది మామా?"

"విన్నర్ అంటే నేనే."

అంత నమ్మకంగా అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అయితే ఒక్క పని చెయ్యి. ఇది నీ ఒక్కనికే అచ్చిందని పంకజ్ నోటితోటి నా ముందట చెప్పిపియ్యి. చెప్పిండంటే నేనే ఒక పక్క పట్టి సాంచాను టెంపోల ఎక్కిస్త. ఇగ నోరెత్త."

అత్త అదిరిపడి నా వైపు చూసింది. కాజల్ నా మెడను గట్టిగా పట్టుకుంది. పంకజ్ అవునంటే? నేనిచ్చిన మాటతో నా కొంప నేనే కూల్చుకున్నట్టు కదా.

"నడు," అన్నాడు మామ. టెంపో వాళ్ళకు చాయ్ తాగమని చెప్పి చెప్పులేసుకున్నాడు.

పంకజ్ మా వాడ పిల్లవాడే. పన్నెండో తరగతి పాసై, సందు మొగన ఎస్టీడీ బూతును సైబర్ కేఫ్ చేశాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ షిఫ్టుకు పోతే మా అత్త చేసిన సర్వపిండి తిని మా ఇంట్లోనే పడుకునేవాడట. ఏదో సబ్సిడీ అర్జీకి మెయిల్ ఐడీ కావాలంటే పద్మనగర్‌లో సగం మందికి వీడే తెరిచి పెట్టాడు. పాస్‌వర్డులన్నీ వీడి దగ్గరే. మెయిల్ వస్తే పిలిచి చదివి వినిపిస్తాడు. ఆ సబ్సిడీ రాలేదు గానీ ఈ దరిద్రం వచ్చింది.

ఆ దుకాణంలో అడుగుపెట్టగానే నా ముక్కు ముడుచుకుంది. ఇన్వర్టర్ బ్యాటరీ కంపు మీద చందనం అగరుబత్తి పొగ. కీబోర్డు అక్షరాల సందుల్లో గుట్కా పొడి. కాజల్ మౌసు మీద చెయ్యి వేయబోతే లాగేశాను. అదంతా జిగట.

"రాండ్రి విన్నర్ కాకా!" అన్నాడు పంకజ్. మామకు పేరు కూడా పెట్టేశాడన్నమాట. "వదినా, కూసోండ్రి. చాయ్ చెప్పాల్నా?"

"చాయ్ వద్దు," అన్నాడు మామ. "మా కోడలికి ఒక్క ముచ్చట చెప్పు. ఈ లాటరీ నా ఒక్కనికే అచ్చిందా, లేదా?"

పంకజ్ తెర వైపు తిరిగి ఏదో మూసేశాడు. "కస్టమర్ల సంగతులు నేను బయట చెప్ప కాకా. మన ధంధాల గది ముఖ్యం."

"వేరేటోళ్ళది వద్దు. నాది చెప్పు."

"మీ ముందటనే చదివిన గద. వాళ్ళు రాసింది చదువుడు నా పని. సచ్చా, ఝూటా చూసుడు నా పని గాదు."

అప్పటిదాకా నేను మామను ఆపాలని మాత్రమే వచ్చాను. ఆ మాట వినగానే వాడి కుర్చీ ముందుకు జరిగాను.

"ఝూటా అని నీకెప్పుడు ఎర్కైంది పంకజ్?" అన్నాను.

"అరె వదినా, గివి సబ్‌కో వస్తయి..."

అని నాలుక కరుచుకున్నాడు.

"సబ్‌కో?" అన్నాడు మామ మెల్లగా.

"అంటే కాకా... నేను తెరిచిన ఐడీలన్నిట్ల వడ్తయి. నా దాంట్ల గూడ రోజు వడ్తయి. గదే లాటరీ, గదే నంబర్. నేను చూసుడుతోనే డిలీట్ కొట్టేస్త."

"నీయి నువ్వు కొట్టేస్తవు. మరి నాది కొట్టెయ్యకపోతివి?"

పంకజ్ నవ్వడానికి ప్రయత్నించాడు. "మీరు ఎంత ఖుష్ అయిండ్రు కాకా! ఆ ఖుషీ నేనెందుకు ఖరాబ్ చెయ్యాలె? ఇంక నాకు గూడ దుకాణం కిరాయి ఎల్లాలె. ప్రింటు, రిప్లై కొట్టుడు, అండ్లనే నాలుగు పైసలు. నేను మీ పైసలు ముట్టలేదు. కసమ్."

నిజమే, వాడు ముట్టలేదు. దొంగెవడో దూరంగా ఉన్నాడు. వీడు ఆ దొంగ రాసింది చదివి వినిపించాడు, జవాబు టైపు చేశాడు, అబద్ధానికి ప్లాస్టిక్ తొడిగి దానికీ డబ్బు తీసుకున్నాడు. మా అత్త గొలుసు తీసి ఇచ్చిన రోజు వీడు అదే కుర్చీలో కూర్చుని "ముబారక్ కాకా" అన్నాడట. దొంగను తలుచుకుంటే కోపం వచ్చింది. వీణ్ణి చూస్తే కోపం కూడా రాలేదు. సగం తిన్న అన్నంలో బొద్దింక కాలు కనపడితే ఎలా ఉంటుందో అలా ఉంది. మింగింది కూడా బయటికి రావాలనిపిస్తుందే, అలా.

"మా అత్త చేతి పిండి తిన్న నోరా అది?" అన్నాను.

వాడు తల దించుకోలేదు. "నేను చెప్తే ఇనెటోళ్ళా వదినా? కాకా నన్నే తిట్టెటోడు," అన్నాడు.

అప్పుడే మామ జేబులో ఫోను మోగింది. మా ఇంటికంతా ఉన్నది ఆ ఒక్క ఫోనే. మామ దాన్ని తీసి నంబరు చూశాడు. అలవాటుగా ఆయన మొహం విప్పారబోయి, సగంలో ఆగిపోయింది. ఆ సగం మొహాన్ని నేను చూడలేకపోయాను. చేతిలోంచి ఫోను తీసుకున్నాను.

"పితాజీ! చరణ్ స్పర్శ్!" అంది అటునుంచి ఒక గొంతు, నాన్నగారూ కాళ్ళు మొక్కుతున్నానని. ఎంత తియ్యటి గొంతు! పెళ్ళిలో విస్తరి ముందు నిలబడి "ఇంకొంచెం వేసుకోండి" అని బతిమాలే గొంతు. "భోంచేశారా పితాజీ? టెంపో వచ్చిందా? కస్టమ్స్ సాహెబ్ సాయంత్రం దాకానే ఉంటాడు" అని హిందీలో గలగలా అడిగింది. మా సాంచాల సంగతి, టెంపో సంగతి వాడికి తెలుసు. నా భర్తకు తెలియనిది వాడికి తెలుసు.

నాకొచ్చిన బజారు హిందీలో, "నేను కోడల్ని మాట్లాడుతున్నా" అన్నాను.

"అరె బేటీ! సదా సుఖీ రహో. అదృష్టవంతుల ఇల్లమ్మా మీది."

వాడి నోటినుంచి బేటీ అన్న మాట నా చెవిలో పడగానే, ఎవరో నమిలి ఉమ్మింది మీద పడ్డట్టయింది. అయినా ఫోను దించలేదు. "లాటరీ ఎవరి పేరున తగిలింది?" అన్నాను.

"పితాజీ పేరునే కదా బేటీ!"

"పితాజీకి ఒక పేరుంటది కదా. ఏం పేరు?"

గొంతు ఆగింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. వెనకాల ఇంకో గొంతు, ఇంకెవరితోనో, "మాతాజీ, మీరు ఏడవకండి" అంటోంది. ఇన్నాళ్ళూ వాడు పితాజీ పితాజీ అని పిలిచింది గౌరవం కాదు. పేరు గుర్తుపెట్టుకునే శ్రమ లేకుండా అందరికీ సరిపోయే మాట అది. మెయిల్లో డియర్ విన్నర్, ఫోన్లో పితాజీ.

"భివండీ... భివండీ..." అని ఊరి పేరు పట్టుకుని కాగితాల్లో వెతుకుతూ గొణుక్కున్నాడు. "ఆఁ! వెంకవ్వ మాతాజీ ఇంటినుంచా మీరు?"

నా మౌనాన్ని వాడు అవుననుకున్నాడు. ఒక్క క్షణంలో గొంతులోని తీపంతా పోయింది.

"అయితే చెవి పెట్టి విను. రేపే ఆఖరు రోజు. మిగతాది రాకపోతే పోలీసులు ఇంటికొచ్చి వాడంతా చూస్తుండగా పట్టుకుపోతారని మీ ముసల్దానికి మళ్ళీ చెప్పు. అందరి డబ్బూ తిన్నదని మేమే చెప్తాం. ఫోన్ ఎత్తమను."

నేను కట్ చేశాను.

మామకు అటువైపు మాటలు వినిపించే ఉంటాయి, ఆ ఫోను అంత గట్టిగా అరుస్తుంది. దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి కుడి చెవి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. చెవిలోకి ఏదో కారినట్టు, లోపల వేలు పెట్టి మరీ తుడుచుకున్నాడు.

"దినాం ఫోన్ చేసి తిన్నవా అని అడిగెటోడు బిడ్డా," అన్నాడు. "మన హరీశ్ గూడ అడుగడు. నేను వాణ్ని బేటా అని పిలిచిన."

ఆ ప్లాస్టిక్ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చింపబోయాడు. అది చిరగలేదు. మెలిపెట్టాడు, పళ్ళతో కొరికాడు. వంగింది గానీ చిరగలేదు. పంకజ్ చేసిన పనుల్లో గట్టిగా చేసింది అదొక్కటే. చివరికి మోరీ కాలువలోకి విసిరేశాడు. నూలుకు గంజిపెట్టే సైజింగ్ కార్ఖానా నుంచి వచ్చే పులిసిన గంజి నీళ్ళ మీద అది మునగకుండా, కుంకుమ బొట్టు పైకి పెట్టుకుని తేలుకుంటూ పోయింది. మామ అటే చూసి ఉమ్మేశాడు.

"మామా, వెంకవ్వ పెద్దమ్మ," అన్నాను.

ఆయన తలెత్తాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. "ఆడోళ్ళ భిశీ పైసలన్ని ఆమె కాడనే ఉన్నయి గద," అన్నాడు. లేచి నిలబడ్డాడు. "టెంపోను నేను తోలేస్త. సాంచాల మీద చెయ్యి వడనియ్య. నువ్వు వెంకవ్వ కాడికి ఉరుకు. ఉరుకు బిడ్డా!"

ఆ ఒక్క మాటతో నా సాంచాలు నిలబడ్డాయి. సంతోషించడానికి తీరిక దొరకలేదు.

చాల్ మెట్లు ఎక్కుతుంటే కింద లుంగీలు కట్టుకుని పేకాడుతున్న కార్మికులు, "ఏమైంది భాభీ" అని అడిగారు. జవాబు చెప్పలేదు. ఒకటే ఆలోచన. ఒంట్లో బాగాలేదన్నది కదా. ఎవరైనా పోయి చూశామా? మేమంతా ఈ నెల చీటీ ఎప్పుడు తీస్తావని అడిగాం గానీ, ఏం బాగాలేదు పెద్దమ్మా అని అడిగామా?

తలుపుకు బయట తాళం లేదు. లోపల గడియ ఉంది. గడప మీద పాల ప్యాకెట్టు ఎండకు ఉబ్బి పగిలి, పులిసిన పాలు గుమ్మం దాకా కారాయి. వాటి నిండా ఈగలు. కాజల్ ముక్కు మూసుకుంది.

"పెద్దమ్మా! నేను ఆర్తిని! తలుపు తియ్యి!"

జవాబు లేదు. లోపల ఫోను మోగుతోంది. కరెంటు లేదు కాబట్టి వాడంతా నిశ్శబ్దం, ఆ మోత ఒక్కటే స్పష్టంగా వినిపిస్తోంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఎవరు చేస్తున్నారో నాకు తెలుసు.

"ఎత్తకు పెద్దమ్మా! పోలీసులు రారు, ఎవలు రారు. వాడు దొంగ లంజకొడుకు! మా మామ గూడ పంపిండు. నువ్వొక్కదానివే కాదు. ఇనవడ్తుందా? నువ్వొక్కదానివే కాదు!"

తలుపుకు చెవి ఆనించాను. ఫోను ఆగిపోయింది. ఆ తర్వాత లోపల ఏదో కదిలిన చప్పుడు. పీట జరిగినట్టు. దాని వెనకే మనిషి మూలుగా, నా పేరా తెలియని ఒక శబ్దం.

అప్పుడే కరెంటొచ్చింది.

ఒక్కసారిగా పద్మనగర్‌లోని సాంచాలన్నీ మొదలయ్యాయి. కాళ్ళ కింద మేడ వణికింది. కాజల్‌ను కిందికి దించి తలుపును రెండు చేతులా బాదుతున్నాను, నా దెబ్బలు నాకే వినపడటం లేదు. కాజల్ చెవులు మూసుకుని ఏడుస్తోంది. అదీ వినపడటం లేదు.

ఆ తలుపు వెనక ఏముందో వచ్చే వారం నేను మీకు చెప్పేలోపు మీరొక పని చెయ్యండి. మీ వాడలోనూ ఒక వెంకవ్వ ఉంటుంది. ఈ మధ్య మాట తగ్గించిన మనిషి, ఫోను మోగితే పక్కకు పోయి మాట్లాడే మనిషి, ఒంట్లో బాగాలేదంటే మీరు సరేనని వచ్చేసిన మనిషి. ఈ పేజీ ఇక్కడే మడిచి పెట్టి పోయి చూసి రండి. డబ్బు సంగతి ముందు అడగకండి. తిన్నావా అని అడగండి, పేరు పెట్టి పిలిచి అడగండి. తలుపు తీసేదాకా కొట్టండి.